మతమొక్కటే జాతిని నిర్మించగలదా?

ప్రతి సంవత్సరం కళాశాలలో ప్రవేశ దరఖాస్తులు నింపే రోజులలో మేము గమనించే దృశ్యం ఒకటున్నది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, స్వగ్రామం - ఇవన్నీ చకచకా రాసుకొనిపోయిన విద్యార్థి "మాతృభాష" అన్న గడి దగ్గరకు రాగానే కలం ఆపుతాడు. పక్కవాని కాగితంలోకి తొంగి చూస్తాడు. కొందరు "ఉర్దూ" అని రాసి, అదే కాగితం అడుగున తెలుగులో సంతకం చేస్తారు. కొందరు ఆ గడిని ఖాళీగా వదలివేసి గుమాస్తా చేత నింపించుకొంటారు. ఒకసారి ఒక విద్యార్థి నేరుగా మా వద్దకే వచ్చి, "సార్, మా ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ అందరూ తెలుగే మాట్లాడతారు. తెలుగు అని రాస్తే మనవాళ్లు ఏమైనా అనుకుంటారా?" అని అడిగాడు.

ఆ "మనవాళ్లు" అన్న మాటలో ఎవరెవరు ఇమిడి ఉన్నారన్నదే ఈ వ్యాసానికి విషయం. మతం ఒక్కటైన వారంతా ఒక జాతి అవుతారా? భాష వేరైన వారు వేరే జాతి అవుతారా? పుట్టిన వంశం, మాట్లాడే మాట, తినే తిండి, పాడే పాట, మొక్కే దైవం - వీటిలో దేనిని ఆధారంగా చేసికొని మనిషి "ఇది నా దేశం" అంటాడు? ఈ ప్రశ్నలకు రాజనీతి గ్రంథాలలో సమాధానాలు చాలా ఉన్నవి. అయితే గ్రంథాల కంటె స్పష్టంగా ఒక దేశ చరిత్ర ఈ విషయాన్ని మనకు బోధిస్తున్నది. అది తూర్పు బెంగాల్ చరిత్ర. ఉర్దూ, తెలుగు రెండు భాషలకూ చోటున్న మన కళాశాల విద్యార్థులు ఆ చరిత్రను తప్పక తెలిసికొనవలెనని మా అభిప్రాయం.

ముందుగా మాటల సంగతి. తెలుగులో "జాతి" అన్న పదం మోస్తున్న బరువు ఇంతా అంతా కాదు. మామిడిపండులో జాతి ఉన్నది, పశువులో జాతి ఉన్నది, రత్నంలో జాతి ఉన్నది. కులాన్నీ జాతి అనే అంటాము. తెలుగు జాతి అంటాము, ఆ వెంటనే భారత జాతి అంటాము. ఉర్దూలో "ఖౌమ్" అన్న పదానిదీ ఇదే అవస్థ. ఊళ్లో పెద్దలు "నీదే ఖౌమ్?" అని అడిగితే వంశమో, వృత్తో చెప్పవలె. వేదిక మీద వక్త "ఖౌమ్" అంటే ముస్లిం సమాజమని భావం. "ఖౌమీ పర్చమ్" అంటే మాత్రం జాతీయ పతాకం. పదం ఒకటే అయినప్పుడు తగవు రాక మానదు. 1938 సంవత్సరంలో సరిగా ఈ పదం మీదనే ఇద్దరు మహనీయుల మధ్య గొప్ప వాదం జరిగింది. దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ ప్రధానాచార్యులు మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ, ఈ కాలంలో ఖౌమ్‌లు దేశాన్ని బట్టి ఏర్పడుతున్నవని అన్నారు. మహాకవి ఇక్బాల్ ఆ మాటను పద్యరూపంలో తీవ్రంగా ఖండించారు. అటుపిమ్మట మదనీ "ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం" అనే గ్రంథం రాసి, వేర్వేరు మతాలవారు ఒక దేశంలో ఒకే ఖౌమ్‌గా జీవించడానికి ధర్మశాస్త్రం అడ్డురాదని వాదించారు. మతం ప్రాతిపదికగా జాతి అన్న వాదానికి మన దేశంలో ఒక ఇస్లామీయ పండితుడే సమాధానం చెప్పారన్న సంగతి నేటి విద్యార్థులలో ఎందరికో తెలియదు.

అంతకు పూర్వం 1882లో ఫ్రెంచి పండితుడు రెనాన్ "జాతి అనగా నేమి?" అన్న ప్రసంగంలో వంశం గాని, భాష గాని, మతం గాని, భూగోళం గాని ఒక్కొక్కటిగా జాతికి పునాది కాజాలవని, గతస్మృతులను పంచుకొనుట, ఇకముందు కూడా కలసి బ్రతకాలనే కోరిక - ఇవే అసలైనవని ప్రతిపాదించాడు. మాట బాగున్నది. కాని కలసి బ్రతకాలనే కోరిక దేనివల్ల నిలుస్తుంది, దేనివల్ల చెడుతుంది అన్నది అతడు చెప్పినంతతో మనకు తృప్తి కలుగదు. అందుకే ఢాకా నగరానికి పోదాము.

1947 ఆగస్టులో పాకిస్తాన్ ఏర్పడినప్పుడు దాని రెండు భాగాల మధ్య వెయ్యి మైళ్లకు పైబడిన భారత భూభాగం ఉండేది. 1951 జనాభా లెక్కల ప్రకారం తూర్పు భాగంలో సుమారు 4 కోట్ల 20 లక్షల మంది, పశ్చిమ భాగంలో 3 కోట్ల 40 లక్షలకు లోపు. దేశ జనాభాలో సగానికి మించిన వారి మాతృభాష బెంగాలీ. ఉర్దూ మాతృభాషగా గలవారు నూటికి పదిమంది కూడా లేరు. పంజాబీకి, సింధీకి, పష్తోకు, బలూచీకి తమ తమ ప్రాంతాలు ఉన్నవి. ఉర్దూకు మాత్రం ఆ దేశంలో స్వంత ప్రాంతమంటూ లేదు. ఢిల్లీ, లక్నో, హైదరాబాదులలో పెరిగిన భాష అది. అయినప్పటికీ ఉర్దూయే ఏకైక రాజభాష కావలెనని పాలకులు నిశ్చయించారు. వారి వాదం మొదటి చూపులో సబబుగానే తోస్తుంది. ఏ ప్రాంతానికీ చెందనిది గనుక అందరికీ సమానమైనది. ఉపఖండంలోని ముస్లిముల ధార్మిక వాఙ్మయం అందులో విస్తారంగా ఉన్నది. ఒక జాతికి ఒక భాష ఉండవలె గదా! ఈ చివరి వాక్యంలోనే చిక్కంతా ఉన్నది.

ఈ నిర్ణయాన్ని ముందుగా ఎదిరించిన వారెవరో చూడండి. 1947 జూలైలో, ఇంకా దేశవిభజన జరుగకముందే, అలీగఢ్ విశ్వవిద్యాలయ పూర్వ ఉపాధ్యక్షులు డాక్టర్ జియావుద్దీన్ అహ్మద్ ఉర్దూను రాజభాషగా సూచించగా, దానికి పత్రికాముఖంగా ప్రత్యుత్తరమిచ్చినవారు డాక్టర్ ముహమ్మద్ షహీదుల్లా. ఆయన నిష్ఠాపరుడైన ముస్లిం, బహుభాషా కోవిదుడు. యౌవనంలో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో సంస్కృతం ఎం.ఏ. చదువబోగా, అహిందువుకు వేదం చెప్పనని ఒక పండితుడు నిరాకరించగా, తులనాత్మక భాషాశాస్త్రం వైపు మరలి అందులోనే పట్టభద్రులయ్యారు. ఒకనాడు మతం పేరిట ఒక భాష తలుపు తన ముందు మూయబడటం చూచిన వ్యక్తి, మరొకనాడు మతం పేరిట తన మాతృభాష తలుపు మూయబోవడం చూచి ఊరకుండలేకపోయారు. ఇక సంఘటితంగా ఉద్యమం ప్రారంభించినది 1947 సెప్టెంబరులో స్థాపితమైన "తమద్దున్ మజ్లిస్". దాని వ్యవస్థాపకులు అబుల్ కాసెమ్ ఢాకా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర అధ్యాపకులు. ఇస్లామీయ సంస్కృతిని పెంపొందించుటే ఆ సంస్థ ఆశయం. బెంగాలీ భాష కోసం పోరాడినవారు మతానికి దూరమైన వారని ఆనాటి పాలకులు చేసిన ప్రచారం ఎంత అసత్యమో దీనివలన తెలుస్తుంది.

వారిని కలవరపెట్టినది కేవలం సాహిత్యాభిమానం కాదు. కొత్త దేశపు తపాలా బిళ్లల మీద, నాణేల మీద, మనీఆర్డరు ఫారాల మీద ఇంగ్లీషు, ఉర్దూ మాత్రమే ఉండేవి. పల్లెలో ఉన్న తల్లికి పది రూపాయలు పంపదలచిన కొడుకు ఫారం నింపడానికి మరొకరిని బతిమాలుకోవలె. ప్రభుత్వోద్యోగాల పరీక్షలు పరాయి భాషలో రాయవలసి వస్తే, చదువుకొన్నవాడు ఒక్కసారిగా నిరక్షరాస్యుని కింద లెక్క. భాష ప్రశ్న అన్నం ప్రశ్న కూడా అనే సంగతి మన విద్యార్థులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

1948 ఫిబ్రవరిలో కరాచీలోని రాజ్యాంగ సభలో కొమిల్లాకు చెందిన ధీరేంద్రనాథ్ దత్తా, సభలో ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు బెంగాలీ కూడా వాడుకలో ఉండవలెనని సవరణ ప్రతిపాదించారు. ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ దానిని వ్యతిరేకించారు. సవరణ వీగిపోయింది. (ఈ దత్తాగారు వృద్ధాప్యంలో, 1971 మార్చి నెలాఖరున, తన ఇంటినుండి సైనికులచే కొనిపోబడి మరల తిరిగి రాలేదు.) ఆ మరుసటి నెల, మార్చి 21వ తేదీన, జిన్నా ఢాకా రేసుకోర్సు మైదానంలో మహాసభనుద్దేశించి రాజభాష ఉర్దూయే గాని మరొకటి కాదని ప్రకటించారు. తూర్పు బెంగాల్ రాష్ట్ర వ్యవహారాలకు ఏ భాష కావలెనో ఆ ప్రజలే నిర్ణయించుకొనవచ్చునని కూడా ఆయన అదే ప్రసంగంలో అన్నారు. దానిని విస్మరించడం న్యాయం కాదు. మూడు రోజుల తరువాత కర్జన్ హాలులో స్నాతకోత్సవంలో అదే మాట తిరిగి అన్నప్పుడు విద్యార్థులు లేచి "కాదు, కాదు" అని కేకలు వేశారు. ఇందులో ఒక విచిత్రమున్నది. ఉర్దూను సమర్థిస్తూ ఆయన చేసిన ఆ ప్రసంగాలు ఇంగ్లీషులో సాగినవి. ఆయన ఇంటిభాష గుజరాతీ.

నాలుగేళ్లు నివురుగప్పి ఉన్న ఆ నిప్పు 1952 జనవరి 27న ప్రధాని ఖ్వాజా నాజిముద్దీన్ ఢాకాలో అదే ప్రకటన పునరుద్ఘాటించడంతో రాజుకొన్నది. ఫిబ్రవరి 21న రాష్ట్రమంతటా సమ్మెకు పిలుపు వచ్చింది. ముందునాటి సాయంకాలమే 144వ సెక్షను విధించారు. ఆ ఉదయం విశ్వవిద్యాలయ ఆవరణలో మామిడిచెట్టు కింద విద్యార్థులు సమావేశమై, నిషేధాజ్ఞను ధిక్కరించాలని తీర్మానించి, పదేసి మంది చొప్పున ద్వారం దాటి బయటకు నడిచారు. సమీపంలోనే శాసనసభ సమావేశమై ఉన్నది. మధ్యాహ్నం వైద్య కళాశాల వసతిగృహాల దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు.

మరణించిన వారి పేర్లు ఒకసారి శ్రద్ధగా చదవవలెను. అబుల్ బర్కత్ - రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. విద్యార్థి, ముర్షిదాబాదు జిల్లాలో పుట్టినవాడు. రఫీకుద్దీన్ అహ్మద్ - మాణిక్‌గంజ్ కళాశాలలో చదువుకొన్నవాడు, తండ్రి ముద్రణాలయం నడిపేవాడు. అబ్దుల్ జబ్బార్ - మైమెన్‌సింగ్ ప్రాంతపు పల్లెవాసి, అత్తగారి వైద్యం కోసం ఆస్పత్రికి వచ్చి కాల్పులలో చిక్కుకొన్నాడు. అబ్దుస్ సలామ్ - ఒక ప్రభుత్వ కార్యాలయంలో బంట్రోతు. గాయాలతో ఏప్రిల్ దాకా కొట్టుమిట్టాడి కన్నుమూశాడు. షఫీవుర్ రహ్మాన్ - హైకోర్టు ఉద్యోగి. మరునాటి కాల్పులలో మరణించాడు. వీరందరూ ముస్లిములే. కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన ప్రభుత్వం ముస్లిం లీగుది. ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారి మధ్యనే ఈ నెత్తురు పారింది. ఫిబ్రవరి 23 రాత్రి వైద్య విద్యార్థులు ఇటుకలు మోసికొనివచ్చి, తెల్లవారేసరికి అక్కడ ఒక చిన్న స్మారకస్తంభం నిలిపారు. 26వ తేదీన పోలీసులు దానిని కూల్చివేశారు.

పాలకులు బెంగాలీని ఎందుకంతగా అనుమానించారు? అది "హిందువుల భాష" అన్న భావం వారి మనస్సులలో బలంగా నాటుకొని ఉండేది. లిపి సంస్కృత సంప్రదాయానికి చెందినది, పదాలు సంస్కృతపువి, మహాకవి ఠాగూర్. అందువల్ల బెంగాలీని అరబ్బీ లిపిలో రాయించాలనే ప్రయత్నం కూడా 1950 ప్రాంతాలలో ప్రభుత్వమే వయోజన విద్యాకేంద్రాల ద్వారా చేసింది. 1967లో అయితే రేడియోలో ఠాగూర్ పాటలను కట్టడి చేస్తామని కేంద్ర సమాచార మంత్రి ప్రకటించేదాకా వెళ్లింది. ఈ అనుమానం చరిత్ర తెలియనితనం. పదిహేడవ శతాబ్దంలోనే అరాకాన్ రాజాస్థానంలో ఆలావోల్ అనే ముస్లిం కవి జాయసీ పద్మావతిని బెంగాలీ కావ్యంగా మలచాడు. అదే శతాబ్దంలో సంద్వీప్‌కు చెందిన అబ్దుల్ హకీమ్ "నూర్‌నామా" అనే గ్రంథంలో, బెంగాల్‌లో పుట్టి బెంగాలీని చిన్నచూపు చూచేవారిని నిష్ఠురమైన మాటలతో నిలదీశాడు. మతగ్రంథమే ప్రజల భాషలో రాస్తూ ఆ కవి అన్నాడు ఆ మాట.

ఇక్కడ మనకు మన సాహిత్యం గుర్తుకు రావలె. తెలుగులో సంస్కృత సమాలు లేకుండా, కేవలం అచ్చతెనుగులో వెలసిన మొదటి కావ్యం పొన్నెగంటి తెలగనార్యుని "యయాతి చరిత్రము". ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు గోల్కొండ రాజ్యాధికారి, పటాన్‌చెరువు అమీన్ ఖాన్. అద్దంకి గంగాధర కవి "తపతీ సంవరణోపాఖ్యానము" ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమైనది. తెలుగు కవులు ఆయనను "మల్కిభరాముడు" అని ముద్దుగా పిలుచుకొన్నారు. సంస్కృతం తోడు లేని తెలుగు ఎలా ఉంటుందో వినాలని కుతూహలపడినవాడు ఒక ఖాన్ సాహెబు! ఈ ఒక్క సంగతి చాలు, మన ముస్లిం విద్యార్థి తెలుగు తరగతిలో అతిథిలా కూర్చోనవసరం లేదని చెప్పడానికి. ఇక పదాల విషయానికి వస్తే, రైతు, జమీను, దస్తావేజు, వకీలు, రాజీనామా, బజారు, జవాబు - వీటిని తెలుగులోనుండి వెళ్లగొడితే ముందుగా మూతపడేది తహసీలు కచేరీయే.

మళ్లీ తూర్పు బెంగాల్‌కు వద్దాము. 1954 ఎన్నికలలో ఐక్య సంఘటన ఇరవై ఒక్క అంశాల ప్రణాళికతో పోటీ చేసింది. ఆ సంఖ్య ఊరకే వచ్చినది కాదు. 237 ముస్లిం స్థానాలలో ఆ దేశాన్ని నిర్మించిన ముస్లిం లీగుకు పది స్థానాలైనా దక్కలేదు. 1956 రాజ్యాంగంలో ఉర్దూ, బెంగాలీ రెండింటినీ రాజభాషలుగా అంగీకరించారు. అప్పుడు దేశమేమీ కూలిపోలేదు. అయితే నాలుగేళ్ల ముందు మాటతో పోయేదానికి ప్రాణాలు తీసి, ఆపైన ఇచ్చిన ఆ గుర్తింపు కృతజ్ఞతను సంపాదించలేకపోయింది. విదేశీ మారకద్రవ్యం జనపనార నుండి వస్తే ఖర్చు పశ్చిమంలో అవుతున్నదన్న బాధ, సైన్యంలో బెంగాలీలకు దక్కని వాటా, 1958 నుండి సైనికపాలన - ఇవన్నీ తోడైనవి. 1970 డిసెంబరులో తూర్పు భాగంలోని 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగు గెలిచి, దేశం మొత్తంలో ఆధిక్యత సాధించినా అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ప్రారంభమైన సైనిక చర్య డిసెంబరు 16న బంగ్లాదేశ్ ఆవిర్భావంతో ముగిసింది. భాష ఒక్కటే పాకిస్తాన్‌ను చీల్చిందనడం అతిశయోక్తి. కాని తక్కిన అన్యాయాలన్నింటికీ ఒక పేరు పెట్టి, "మనము" అనే భావాన్ని ఇచ్చినది భాషే. ఆ 1971లో సైన్యం ఢాకాలోని షహీద్ మినార్‌ను మళ్లీ కూల్చింది. ఇటుకలంటే వారికి ఎంత భయమో!

ఇప్పుడు అదే 1952 సంవత్సరాన్ని మన వైపునుండి చూడవలెను. ఫిబ్రవరిలో ఢాకాలో కాల్పులు జరుగగా, అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష ప్రారంభించారు. 58 రోజుల దీక్ష తరువాత డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఆంధ్ర ప్రాంతమంతటా అల్లర్లు చెలరేగి, పలుచోట్ల పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయినవి. కనుక మన పాలకులు ముందే మేల్కొన్నారని గర్వపడడానికి వీలులేదు. భాషా రాష్ట్రాలు దేశసమైక్యతకు ముప్పని ధార్ కమిషన్ 1948లో చెప్పింది. జవహర్‌లాల్, వల్లభ్‌భాయి, పట్టాభి సంఘం 1949లో ఆ ప్రశ్నను వాయిదా వేయమన్నది. భయం రెండు దేశాలలోనూ ఒకటే. తేడా ఎక్కడున్నదంటే, శ్రీరాములు మరణించిన నాలుగు రోజులకే, డిసెంబరు 19న, ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న అది కర్నూలు రాజధానిగా ఏర్పడింది. 1956లో దేశపటమే భాషల వెంట తిరిగి గీయబడింది. దానివల్ల తెలుగువాడు భారతీయుడు కాకుండా పోలేదు. తన భాషలో తాను భారతీయుడయ్యాడు.

అయితే భాషే సర్వస్వమని కూడా మేము చెప్పబోవడం లేదు. 2014 జూన్ 2న ఒకే భాష మాట్లాడే ప్రజలు రెండు రాష్ట్రాలుగా విడిపోయారు. నీళ్లు, నియామకాలు, యాసను వెక్కిరించడం వల్ల కలిగిన నొప్పి - ఇవి భాషాబంధం కంటె బరువు తూగినవి. ఢాకాలో మతం ఒకటైనా చాలలేదు. ఇక్కడ భాష ఒకటైనా చాలలేదు. గౌరవం లోపించినచోట ఏ బంధమూ చాలదనిపిస్తున్నది.

మన ఇంటి సంగతి కూడా దాచకుండా చెప్పుకొందాము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉన్నత విద్య బోధించి, భారతీయ భాషలలో ఆధునిక శాస్త్రం చెప్పవచ్చునని నిరూపించింది. దానికి ముందే ఏర్పడిన అనువాద సంస్థ "దారుల్ తర్జుమా" చేసిన కృషి ఈనాటికీ ఆశ్చర్యం గొలుపుతుంది. ఉర్దూ విభాగపు మిత్రులు ఈ విషయాన్ని సగర్వంగా చెప్పుకొంటారు, చెప్పుకోదగినదే. కాని ఆ హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారు. కన్నడిగులు, మరాఠీలు కూడా కోట్లకు తక్కువైనా లక్షలలో ఉన్నారు. పాఠశాలలోను, కచేరీలోను వారి భాషలకు తగిన చోటు దొరకలేదు. కరాచీ పాలకులు ఢాకాలో చేసిన పొరపాటు వేరొక రూపంలో అంతకు మునుపే మన ముంగిటిలో జరిగింది. ఈ మాట చెబితే ఉర్దూను నిందించినట్లు కాదు. దోషం భాషది కాదు, సింహాసనానిది. ఉర్దూ ఏనాడూ ఒక్క మతానికి చెందలేదు. ప్రేమ్‌చంద్, కృష్ణచందర్, ఫిరాఖ్ ఉర్దూ రచయితలే. గాలిబ్‌ను తెలుగువారి గుండెల్లోకి తెచ్చినవాడు దాశరథి. అటువైపు పిఠాపురపు ఉమర్ అలీషా ఖయ్యామును పారశీకంనుండి తెలుగు పద్యాలలోకి దింపారు. షేక్ నాజర్ బుర్రకథకు ప్రాణం పోశారు. కేరళ ముస్లిం మలయాళం, తమిళనాట ముస్లిం తమిళం తన మాతృభాష అని చెప్పుకొనడానికి క్షణమైనా సంకోచించడు. మన విద్యార్థి కలం మాత్రమే ఆ గడి దగ్గర ఎందుకు ఆగుతున్నది?

బంగ్లాదేశ్ కథలో చాలామంది చెప్పని మిగిలిన భాగమున్నది. 1972లో ఆ కొత్త దేశం తన రాజ్యాంగం రాసుకొంటూ పౌరులందరినీ "బెంగాలీలు" అన్నది. చిట్టగాంగ్ కొండప్రాంతపు చక్మా ప్రతినిధి మానవేంద్ర నారాయణ లార్మా లేచి, తాను బంగ్లాదేశ్ పౌరుడే గాని బెంగాలీని కానని, తన తాతముత్తాతలెవరూ అలా పిలిపించుకొనలేదని అభ్యంతరం చెప్పి సభనుండి నిష్క్రమించారు. ఆయన మాట వినలేదు. ఆ కొండలలో ఏళ్ల తరబడి సాయుధ సంఘర్షణ నడిచి, 1997 డిసెంబరులో గాని ఒప్పందం కుదరలేదు. తమపై ఒక పేరు రుద్దబడుతున్నదని ప్రాణాలిచ్చినవారే ఇరవై ఏళ్లకు మరొకరిపై తమ పేరు రుద్దారు. 2011 సవరణలో జాతిగా బెంగాలీలు, పౌరులుగా బంగ్లాదేశీయులు అని రెండు మాటలు పెట్టారు. పౌరసత్వానికి వేరే పేరు దొరికినా, చక్మా ప్రజలకు మొదటి మాట నేటికీ ఇబ్బందిగానే ఉన్నది.

ఇక బిహారు తదితర ప్రాంతాలనుండి 1947లో తూర్పు బెంగాల్‌కు వలసవెళ్లిన ఉర్దూ కుటుంబాల దుర్దశ. వారిలో కొందరు 1971లో సైన్యం పక్షం వహించారు. ఫలితం అందరూ అనుభవించారు. ఎంతోమంది హత్యకు గురయ్యారు. మిగిలినవారు ఢాకాలోని జెనీవా క్యాంపు వంటి శిబిరాల ఇరుకు గదులలో తరాలు గడిపారు. తాము కోరిన దేశం వారిని పూర్తిగా తీసుకొనలేదు, తాము ఉన్న దేశం తనవారనలేదు. 2008 మే నెలలో ఢాకా హైకోర్టు వారిని బంగ్లాదేశ్ పౌరులుగా గుర్తించి ఓటర్ల జాబితాలో చేర్చమని తీర్పు చెప్పింది. అంటే ముప్పైయేడు సంవత్సరాలు. ఫిబ్రవరి 21ని యునెస్కో 1999లో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. ఆ దినం నాడు ఢాకాలో షహీద్ మినార్‌కు పూలు మోసికొనిపోయేవారు జెనీవా క్యాంపు పిల్లల మాతృభాషను కూడా తలచుకొంటే ఆ దినానికి సార్థకత కలుగుతుంది. మన అస్సాంలో కూడా 1961 మే 19న సిల్చార్‌లో బెంగాలీ భాష కోసం పదకొండుమంది కాల్పులలో మరణించారు. ఒకచోట పెద్దదైన భాష మరొకచోట చిన్నది. ఒకచోట బాధపడినది మరొకచోట బాధపెట్టగలదు.

మన రాజ్యాంగం 29, 30 అధికరణలలో అల్పసంఖ్యాకులకు తమ భాషనూ, లిపినీ, సంస్కృతినీ కాపాడుకొనే హక్కు, విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు ఇచ్చింది. ఈ కళాశాల ఆ హక్కు మీదనే నిలిచి ఉన్నది. 29వ అధికరణ మతం పేరు చెప్పి ఈ హక్కునీయలేదు. భాష, లిపి, సంస్కృతి అని చెప్పింది. 30వ అధికరణ మతపరమైన అల్పసంఖ్యాకులనూ, భాషాపరమైన వారినీ విడివిడిగా పేర్కొన్నది. రాజ్యాంగ నిర్మాతలు ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగారు. ఉర్దూను తెలంగాణ ప్రభుత్వం 2017లో రాష్ట్రమంతటికీ, ఆంధ్రప్రదేశ్ 2022లో రెండవ అధికారభాషగా చేసినవి. సంతోషం. ఆ గుర్తింపు కాగితం మీదనుండి బడిలోకి రావలెనంటే ఉపాధ్యాయులు కావలెను, పుస్తకాలు కావలెను. అది వేరే వ్యాసం.

మా వద్దకు వచ్చిన విద్యార్థికి ఆనాడు మేము ఇచ్చిన జవాబు చాలా చిన్నది: "మీ నానమ్మ నిన్ను ఏ భాషలో తిడుతుందో అది రాయి." అతడు నవ్వి "తెలుగు" అని రాసి వెళ్లాడు. మరుసటి రోజు ఉర్దూ రెండవ భాషగా తీసికొనడానికి కూడా అర్జీ పెట్టుకొన్నాడు. తన పేరును తాత రాసుకొన్న లిపిలో రాయాలని కోరికట.

కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంగా ఒక విన్నపం. దరఖాస్తులో "మాతృభాష" అనే ఒక్క గడికి బదులు, ఇంట్లో మాట్లాడే భాష, చదువను రాయను నేర్చిన భాష, నేర్చుకొనగోరే భాష అని మూడు గడులు పెట్టించవలసిందిగా కోరుతున్నాము. ముద్రణకు అయ్యే అదనపు ఖర్చు అత్యల్పం. ఇంకొకటి: ఈ సంచికలో తెలుగు విభాగం ఈ అట్టనుండి, ఉర్దూ విభాగం ఆ అట్టనుండి మొదలై నడుమ కలుస్తున్నవి. రెండు వైపులా చదువగలిగినవారు మనలో ఎందరున్నారో మాకు తెలియదు. వచ్చే సంచికలో ఆ నడిమి పుటలను ఖాళీగా వదలక, ఒకే రచన అటు ఉర్దూలోను, ఇటు తెలుగులోను వేయగలిగితే, అనువాదం చేయడానికి మా తెలుగు శాఖ విద్యార్థులు నలుగురు ఇప్పటికే పేర్లిచ్చి ఉన్నారు.